ఇంజన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఆయిల్ లైట్ మినుకుతోంది, డిప్‌స్టిక్‌లో చూస్తే ఆయిల్ ఫుల్

కొత్తచేయి:
అన్నలూ ఒక డౌటు. నాది టర్బో డీజిల్ కారు, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉంది. పొద్దున స్టార్ట్ చేస్తే ఏ గొడవా లేదు, ఆయిల్ లైట్ వెంటనే ఆరిపోతుంది, కానీ కాసేపు తిరిగి ఇంజన్ బాగా వేడెక్కాక ఎక్కడైనా ఆపి ఐడ్లింగ్‌లో పెడితే ఆ ఎర్ర ఆయిల్ డబ్బా బొమ్మ మినుకు మినుకుమంటోంది, కొంచెం రేస్ ఇస్తే పోతుంది. డిప్‌స్టిక్ తీసి చూశా, ఆయిల్ ఫుల్లుగానే ఉంది, సౌండ్ కూడా ఏమీ తేడాగా లేదు. ఒక మెకానిక్ సెన్సర్ పోయింది మార్చేద్దాం అన్నాడు, ఇంకొకాయన చిక్కటి ఆయిల్ పోస్తే సరి అన్నాడు. ఎవరి మాట వినాలి, ఈలోపు బండి తిప్పొచ్చా?

పానాపెట్టె:
తిప్పొద్దు. ఆ లైటు మామూలుగా 0.3 నుంచి 0.5 బార్ దగ్గరికి ప్రెషర్ పడిపోతేనే వెలుగుతుంది, అంటే "కాస్త తగ్గింది" అని కాదు, దాదాపు ఏమీ లేదు అని చెప్తోంది. అది నిజమే అయితే క్రాంక్ బేరింగులూ టర్బో ముందు పోతాయి. డిప్‌స్టిక్ చెప్పేది చాంబర్‌లో, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, ఎంత ఆయిల్ ఉందనే, అది బేరింగుల దాకా ఎంత ఒత్తిడితో వెళ్తోందో దానికేం తెలుసు.

సెన్సర్ సంగతి ఊహించి మార్చడం కంటే చూసి మార్చండి. ఒకటే వైరుండే పాత రకం స్విచ్ అయితే ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఆ వైర్ పీకండి. లైట్ ఆరిపోవాలి. ఆరకపోతే వైరు ఎక్కడో బాడీకి తగిలి ఎర్త్ అవుతున్నట్టు. ఆరితే వైరింగ్ బాగానే ఉంది, ఇక తేలాల్సింది స్విచ్ తప్పు చెప్తోందా నిజం చెప్తోందా అని. దానికి స్విచ్ విప్పి అదే థ్రెడ్‌లో మెకానికల్ గేజ్ బిగించి, చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, బాగా వేడెక్కాక ఒకసారి చూడాలి. కొత్త బళ్లలో ఎలక్ట్రానిక్ సెన్సర్ ఉంటుంది, వాటికి ఈ వైరు పీకే టెస్టు పనికిరాదు, నేరుగా గేజే.

ఫుల్‌ట్యాంక్:
ఇంత అవసరమా బ్రో, నా బండికి కూడా సేమ్ ప్రాబ్లం, సెన్సర్ దగ్గర ఆయిల్ కారి కనెక్టర్‌లోకి కూడా దిగింది, కొత్తది వేయించా అంతే పోయింది. చవక పార్టే కదా, ముందు మార్చి చూడండి.

డీజిల్‌మామ:
చవక పార్టు మారుస్తే లైట్ ఆరిపోయి ఇంజన్ పోయినవాళ్లూ ఉన్నారు నాయనా. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక ఐడ్లింగ్‌లోనే వెలిగి, రేస్ ఇస్తే ఆరిపోవడం ఆయిల్ పలచబడితే కనిపించే లక్షణం, లేదంటే బేరింగులో పంపో అరిగాయని. పంపు ఆయిల్ పీల్చే చోట ఉండే జల్లెడ (స్ట్రైనర్) మూసుకుపోతే ఎక్కువగా స్పీడు పెరిగేకొద్దీ ప్రెషర్ పడుతుంది, నీది దానికి రివర్స్.

నన్ను అడిగితే ఒకటే ప్రశ్న. "ఫుల్లు" అంటే ఎక్కడిదాకా? ఆయిల్ మార్చినప్పుడు మ్యాక్స్ గీత దగ్గరుండి ఇప్పుడు గీత దాటి పైకి వచ్చిందా? ఆయిల్ తనంతట తాను పెరగదు కదా. డీపీఎఫ్ బండి ఎప్పుడూ దగ్గర దగ్గర తిరుగుళ్లే తిరిగితే, మసి కాల్చుకోవడానికి ఇంజన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది, ఆ పని పూర్తవకముందే బండి ఆపేస్తుంటే ఆ డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల వెంట కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. ఇంజెక్టర్ కారినా అదే కథ. డిప్‌స్టిక్ మీద చుక్క వేళ్ల మధ్య రుద్ది వాసన చూడు. గీత బాగా దాటి ఉంటే మాత్రం స్టార్టే చేయకు, ఆ పలచటి ఆయిల్ బ్రీదర్ (ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం) గుండా గాలి దారిలోకి వెళ్తే కీ తీసేసినా ఇంజన్ ఆగకుండా పరిగెత్తుతుంది.

చిక్కటి ఆయిల్ మాట అసలే వద్దు. జ్వరం తగ్గకుండా థర్మామీటర్ పగలగొట్టినట్టు. పైగా డీపీఎఫ్ బండికి తక్కువ బూడిద ఉండే గ్రేడే పోయాలి, మాన్యువల్‌లో ఉన్నదే.

కొత్తచేయి:
మామా మీరు చెప్పిందే! లెవెల్ నేలమీద పెట్టి కాసేపు ఆగి చూశా, మ్యాక్స్ గీతకి వేలెడు పైన ఉంది, నీళ్లలా జారుతోంది, వాసన కూడా డీజిలే. బండి నడపకుండా ట్రక్కు మీద వేసుకుని షెడ్డుకి తీసుకెళ్లా. ముందు గీత దాకా ఆయిల్ కొంచెం తీయించి గేజ్ పెట్టించా, చల్లగా 3.5 బార్, వేడెక్కాక ఐడ్లింగ్‌లో 0.4. తర్వాత మొత్తం ఆయిల్, ఫిల్టర్ కొత్తవి, మాన్యువల్‌లో ఉన్న 5డబ్ల్యూ-30 వేయించా. ఇప్పుడు వేడి మీద ఐడ్లింగ్‌లో 1.2, రెండు వేల ఆర్‌పీఎం దగ్గర 2.8. సెన్సర్ జోలికే వెళ్లలేదు. బేరింగులు దెబ్బతిన్నాయో లేదో ఎలా తెలుస్తుంది?

పానాపెట్టె:
1.2 అంటే బాగానే ఉంది. పాత ఫిల్టర్ పారేయలేదు కదా, దాన్ని కోసి కాగితం మడతలు విప్పి ఎండలో పెట్టి చూడండి. మెరిసే పొడి కనిపిస్తే, అయస్కాంతానికి అంటని రకమైతే బేరింగు పొర లేస్తున్నట్టు, అప్పుడు చాంబర్ దించక తప్పదు. ఏమీ లేకపోతే వదిలేయండి.

డీజిల్‌మామ:
అదే చెయ్యి. డీజిల్ ఇంజెక్టర్ నుంచి దిగుతోందా డీపీఎఫ్ వల్లనా ఇంకా తేలలేదు, అందుకే వారం వారం ఒకే చోట నిలిపి, ఇంజన్ చల్లగా ఉండగా డిప్‌స్టిక్ చూసి గీత ఎక్కడుందో రాసుకో. మధ్యమధ్యలో హైవే మీద ఒకే బిగిన అరగంట తోలు, మసి కాలడం పూర్తవుతుంది. అలా తోలినా లెవెల్ పెరుగుతుంటే ఇంజెక్టర్లు విప్పించి టెస్టు చేయించు.