దవడ వాపు గొంతు వైపు దిగుతోంది: తెల్లవారేదాకా ఆగవచ్చా?

నమస్కారం. మా అమ్మగారికి షుగర్ ఉంది. కింది దవడలో పుచ్చిపోయిన చివరి పన్ను వల్ల నిన్న చెంప వాచి, ఈ సాయంత్రానికి ఆ వాపు దవడ అంచు దాటి గొంతు వైపు గట్టిగా దిగింది. జ్వరం 101 డిగ్రీలు ఉంది, నోరు రెండు వేళ్ళు పట్టేంత కూడా తెరుచుకోవడం లేదు. పారాసిటమాల్ వేశాక నొప్పి తగ్గింది గానీ, నొప్పి తగ్గినంత మాత్రాన లోపలి చీము తగ్గినట్టు కాదు కదా అన్నదే నా భయం. ఊపిరి బాగానే ఆడుతోంది, మంచినీళ్ళు కష్టం మీద మింగుతున్నారు. ఊళ్ళో దంతవైద్యులు రేపు ఉదయం గానీ రారు. అంతవరకు ఆగవచ్చా, లేక ఈ రాత్రే గుంటూరు పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి తీసుకువెళ్ళాలా? సొంత వాహనంలో బయలుదేరకుండా 108కే ఫోన్ చేయాల్సిన లక్షణాలు ఏవో తెలిసినవారు దయచేసి వెంటనే చెప్పగలరు.