ఫ్రాంకోనియా రిడ్జ్ ఒక్క రోజులో: జులై శనివారం ప్లాన్ కాస్త సరిచూస్తారా?

కొండదారి_కొత్త:
జులై రెండో శనివారం బోస్టన్ నుంచి న్యూ హాంప్‌షైర్ వెళ్లి ఫ్రాంకోనియా రిడ్జ్ లూప్ (ఒక దారిన ఎక్కి, శిఖరాల వరస మీదుగా నడిచి, ఇంకో దారిన మొదటి చోటికే దిగడం) చేద్దామనుకుంటున్నాం. ఐదుగురం. చదును నేల మీద ఆరేడు మైళ్లు నడుస్తాం, కొండలు మాత్రం కొత్త. ఇండియా నుంచి వచ్చిన అత్తయ్య, మామయ్య కూడా వస్తామంటున్నారు, ఇద్దరికీ అరవై దాటాయి. ఉదయం 9కి లఫాయెట్ ప్లేస్ పార్కింగ్ చేరి, ఓల్డ్ బ్రైడిల్ పాత్ ఎక్కి, ఫాలింగ్ వాటర్స్ దారిలో దిగాలని ప్లాన్. ఎంత టైమ్ పడుతుంది? మనిషికి నీళ్లు ఎన్ని?

రాతిమెట్లు:
ముందు రెండు మార్చండి: ఎక్కే దారి, బయల్దేరే టైమ్.

ఫాలింగ్ వాటర్స్ జలపాతాల పక్కనే పోతుంది, వాగును చాలాసార్లు దాటిస్తుంది. అక్కడి బండలు ఎండాకాలంలోనూ తడిగానే ఉంటాయి. తడిబండ ఎక్కడం తేలిక, అలసిన మోకాళ్లతో దిగడం కష్టం, జారేది దిగేటప్పుడే. కాబట్టి అటు ఎక్కి, ఓల్డ్ బ్రైడిల్ పాత్‌లో దిగండి. అదీ నిటారే, కానీ ఎక్కువ భాగం పొడిగా ఉంటుంది.

లూప్ మొత్తం దాదాపు 8.9 మైళ్లు, ఎక్కుడు 3,900 అడుగుల దాకా. ఇక్కడ వాడే లెక్క ఇది: మైలుకు అరగంట, ప్రతి వెయ్యి అడుగుల ఎక్కుడుకు ఇంకో అరగంట. అలా ఆరున్నర గంటలు తేలుతుంది, కానీ అందులో ఆగడాలు, తినడాలు లేవు. కొత్తవాళ్లకు తొమ్మిది, పది గంటలు వేసుకోండి. ఉదయం 6కి నడక మొదలైతే 10 ప్రాంతంలో రిడ్జ్ మొదలయ్యే లిటిల్ హేస్టాక్ శిఖరం, మధ్యాహ్నంలోపు లఫాయెట్ శిఖరం, 4కి కారు. 9కి మొదలుపెడితే సరిగ్గా ఉరుములొచ్చే వేళకు రిడ్జ్ మీద ఉంటారు. వేసవి శనివారాల్లో 9కి పార్కింగ్ కూడా దొరకదు, హైవే అంచున ఆపడం నిషేధం.

మబ్బుచూపు:
పై మాటలన్నిటితో ఏకీభవిస్తాను. అసలు నిర్ణయం లిటిల్ హేస్టాక్ దగ్గర తీసుకోవాలి. అక్కడ చెట్లు అయిపోతాయి. అక్కణ్ణుంచి లింకన్ శిఖరం మీదుగా లఫాయెట్ దాకా 1.7 మైళ్లు తలదాచుకునే చోటు లేదు, మధ్యలో దిగే దారీ లేదు. కాబట్టి చెట్ల నీడలోనే ఆగి ఆకాశం చూడండి. మబ్బు గోపురంలా పైకి పెరుగుతున్నా, ఉరుము వినిపించినా, 11:30 దాటినా వచ్చిన దారినే వెనక్కి. నాలుగు గంటలు ఎక్కాక ఈ మాట ఎవరికీ నచ్చదు, అందుకే కింద కారు దగ్గరే అందరూ ఒప్పుకుని బయల్దేరాలి.

రిడ్జ్ మధ్యలో ఉరుము వినిపిస్తే ఏ చివర దగ్గరైతే అటు వేగంగా నడవండి, శిఖరం మీద ఆగొద్దు, మనిషికీ మనిషికీ 50 అడుగుల ఎడం ఉంచండి.

ముందు రోజు రాత్రి, ఆ ఉదయం రెండుసార్లు మౌంట్ వాషింగ్టన్ అబ్జర్వేటరీ ఇచ్చే ఎత్తైన శిఖరాల సూచన చూడండి. ఫోన్ చూపేది లోయలోని ఊరి వాతావరణం. లఫాయెట్ శిఖరం పార్కింగ్ కన్నా దాదాపు 3,500 అడుగులు పైన, అంటే సుమారు 12 ఫారెన్‌హీట్ డిగ్రీలు చల్లన, గాలి అదనం.

కొండదారి_కొత్త:
సరేనండీ, 6కే మొదలుపెడతాం. మరి అత్తయ్యావాళ్ల సంగతి? తిండి, బట్టలు?

పులిహోర_మూట:
అత్తయ్యగారినీ మామయ్యగారినీ లూప్‌కి తీసుకెళ్లొద్దు. ఫాలింగ్ వాటర్స్ దారిలోని క్లౌడ్‌లాండ్ జలపాతం దాకా చాలు, ఒకటిన్నర మైలు లోపే, 80 అడుగుల పెద్ద ధార. అక్కణ్ణుంచి ఒకరు వాళ్లతో వెనక్కి రావాలి, ఆ ఒకరెవరో ఇంట్లోనే తేల్చుకోండి. కర్రలు ఇద్దరికీ ఉండాలి.

నీళ్లు మనిషికి 3 లీటర్లు, మొదటి నుంచే. దిగే దారిలోని గ్రీన్‌లీఫ్ హట్‌లో (నడిచేవాళ్ల బస) నింపుకోవచ్చు గానీ అది రిడ్జ్ దాటాక, శిఖరం నుంచి 1.1 మైళ్లు దిగాక వస్తుంది. పైన నీళ్లుండవు. ఒక లీటరులో ఓఆర్‌ఎస్ కలపండి. ఉత్త నీళ్లే తాగుతూ చెమటోడిస్తే ఉప్పు తగ్గి తల తిరుగుతుంది.

పులిహోర, చపాతీ, పల్లీ చిక్కీ బాగుంటాయి. పెరుగన్నం వద్దు, ఎండకు పులుస్తుంది. గంటగంటకూ కొద్దికొద్దిగా తినండి.

జీన్స్, కాటన్ టీషర్ట్ వద్దు: చెమటకు తడిసి, పైన గాలికి ఒళ్లు గడ్డకట్టిస్తాయి. త్వరగా ఆరే చొక్కా, ఒక ఫ్లీస్, వాన జాకెట్, టోపీ. తలకు పెట్టుకునే లైటు మనిషికొకటి, ఫోన్ లైటు లెక్కలోకి రాదు.

రాతిమెట్లు:
ఇంకొకటి, పొగమంచు కమ్మితే దారి తప్పేది లఫాయెట్ శిఖరం మీదే. రిడ్జ్ పొడవునా ఉండే తెల్ల గుర్తులు అపలాచియన్ ట్రెయిల్ అనే చాలా రాష్ట్రాల మీదుగా పోయే నడకదారివి. వాటినే పట్టుకుపోతే ఉత్తరాన గార్‌ఫీల్డ్ కొండ వైపు వెళ్లిపోతారు. మీరు పడమటికి, గ్రీన్‌లీఫ్ ట్రెయిల్‌లోకి తిరగాలి. హట్ దగ్గర మళ్లీ బోర్డు చదవండి: గ్రీన్‌లీఫ్ ట్రెయిల్ ముందుకు వేరే చోట రోడ్డెక్కుతుంది, మీ కారు దగ్గరికి దించేది ఓల్డ్ బ్రైడిల్ పాత్. మ్యాప్ ముందే ఫోన్‌లోకి దించుకోండి, కాగితం మీదా ఒకటి ఉంచండి.

రిడ్జ్ మీద రాళ్ల వరసల మధ్యే నడవండి. పక్కన గడ్డిలా కనిపించేవి ఆల్పైన్ మొక్కలు, అడుగు పడితే కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.

హైక్‌సేఫ్ కార్డ్ కూడా కొనండి, ఒకరికి 25 డాలర్లు, కుటుంబానికి 35. ఈ రాష్ట్రంలో నిర్లక్ష్యం వల్ల రక్షణ బృందం రావాల్సి వస్తే ఖర్చు మీమీద వేయొచ్చు, కార్డుంటే ఆ ఖర్చు పడదు. తెగించి చేసిన పనికి మాత్రం అదీ కాపాడదు.