కోనసీమ తీరంలో టెంట్ ఎక్కడ వేద్దాం? కారవాన్ ఎక్కడి దాకా వెళ్తుంది?

నీలిగొడుగు:
సంక్రాంతి సెలవులకు హైదరాబాద్ నుంచి మూడు కుటుంబాలం వస్తున్నాం. రెండు టెంట్లు సొంతవి. మా బావగారు ఒక కారవాన్ అద్దెకు మాట్లాడారు. టెంపో ట్రావెలర్‌లో పడకలు, గ్యాస్ స్టవ్, టాయిలెట్ పెట్టించిన బండి. పిల్లలు ఐదుగురు, అందరికంటే చిన్నదానికి నాలుగేళ్ళు. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. సముద్రం హోరు వినపడే చోట రెండు రాత్రులు పడుకోవాలని పిల్లల గోల. అంతర్వేది, ఓడలరేవు, ఎస్.యానాం, కోనసీమ పక్కనే ఉన్న పేరుపాలెం, వీటిలో ఏది బాగుంటుంది? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

గట్టుమీదబండి:
ముందు కారవాన్ సంగతి తేల్చుకోండి. పోయినేడాది మేమూ అలాంటి బండే తెచ్చాం. పాలకొల్లు దాటి, చించినాడ వంతెన ఎక్కి, దిండిలో దిగేదాకా హాయిగా వచ్చింది. హైవే వదిలి సముద్రం వైపు తిరిగాక మొదలైంది అసలు కథ. ఒక పక్క కాలవ, ఒక పక్క వరి చేను, ఎదురుగా గడ్డి ట్రాక్టరు. ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. ట్రాక్టరాయన ఇంజన్ ఆపేసి బీడీ ముట్టించాడు. ఎవరు పోవాలో నాకు అర్థమైపోయింది. అర కిలోమీటరు రివర్సు, మా ఆవిడ దిగి వెనకాల నడుస్తూ "కాలవండీ, కాలవ!" అని అరుపులు.

బండి ఎత్తు కూడా కొలుచుకోండి. లోపలి రోడ్ల మీద కొబ్బరి మట్టలు, ఇళ్ళకు లాగిన కరెంటు తీగలు బాగా కిందకే ఉంటాయి. నర్సాపురం నుంచి పంటు (బండ్లను గోదావరి దాటించే పెద్ద పడవ) మీద సఖినేటిపల్లి దాటేద్దామనుకుంటే, కార్లు ఎక్కుతాయి కానీ మా బండి తోక రేవు వాలులో నేలకు రాసుకుంది. ఇంకో మాట. టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేసుకునే ఏర్పాటు నాకు దారిలో ఎక్కడా కనపడలేదు. ఎవరూ చూడట్లేదని కాలవలో వదిలేయకండి బాబూ, ఊళ్ళ మంచినీటి చెరువులు నిండేది ఆ నీళ్ళతోనే.

ఇసుకపిచ్చి:
ఇంత భయపెట్టాలా? నేనూ మా వాళ్ళూ పేరుపాలెంలో ఇసుక మీదే పడుకున్నాం, ఏమీ కాలేదు. చాప, దుప్పటి, పైన చుక్కలు. అంతే.

వలవాడు:
తమ్ముడూ, ఏమీ కాకపోవడం నీ అదృష్టం. మాది సముద్రం మీద బతికే ఊరు. సాయంత్రం పాటు మీద, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, నీళ్ళు దూరంగా జరిగి ఉంటాయి. గట్టి ఇసుక కదా అని అక్కడ టెంట్ వేస్తారు. దాదాపు ఆరు గంటల్లో పోటు ఎక్కుతుంది, నీళ్ళు మళ్ళీ పైకొస్తాయి, అంటే సరిగ్గా మంచి నిద్రలో. రోజుకు రెండు పోట్లు, ఇవాళ వచ్చిన వేళకు రేపు రాదు, సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకు, పున్నమికి ఇంకా పైకి వస్తుంది. ఒడ్డున నాచు, పుల్లలు, ప్లాస్టిక్ ఒక గీతలా పేరుకుని ఉంటాయి చూడండి, అది మొన్నటి పోటు వచ్చిన హద్దు. ఆ గీతకు బాగా పైన, సరుగుడు తోటల వైపు ఉండాలి.

అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర పిల్లల్ని నీళ్ళలోకి దింపొద్దు. గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు అది. పైకి నిదానంగా కనపడుతుంది, అడుగున లాగుతుంది. ఇసుక తిన్నెలు కూడా ఏడాదికోలా మారతాయి.

ఇసుకపిచ్చి:
సరే, పిల్లలతో అయితే నేనూ వద్దనే అంటాను. మరి హోప్ ఐలాండ్?

తాబేలునేస్తం:
హోప్ ఐలాండ్ కాకినాడ పక్కన, కోరింగ మడ అడవుల వైపు. అక్కడ ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. అటవీ శాఖ అనుమతి లేకుండా రాత్రి మకాం మాట మర్చిపోండి. తాబేళ్ళు వచ్చే కాలం కూడా ఇదే, జనవరి నుంచి. సఖినేటిపల్లి తీరానికీ వస్తాయి. గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్ల వెలుతురు ఎటుంటే అటు పోతుంది. మన టెంట్ లైటును సముద్రం అనుకుంటే దాని పని అయిపోయినట్టే. రాత్రి ఒడ్డున మంట, ఫోకస్ లైటు వద్దు.

దిబ్బమీదిల్లు:
నీలిగొడుగమ్మా, మాది రాజోలు వైపు. పేర్లు పట్టుకుని వెతకొద్దు, నేల చూసి వెతకండి. ఇక్కడ మెరక, పల్లం, పర్ర అని ఉంటాయి. ఊళ్ళన్నీ ఇసుక దిబ్బల మీదే, అంటే మెరక మీద. పర్ర ఎండాకాలంలో మైదానంలా కనపడుతుంది కానీ ఉప్పు నేల. చిన్న వాన పడినా చక్రం దిగిపోతుంది, దోమలు మోసుకుపోతాయి. దిబ్బ మీద లోతు తక్కువ బోరింగు నీళ్ళు తియ్యగా ఉంటాయి, లోతుకు పోతే ఉప్పు తగులుతుంది. కాబట్టి స్థలం చూపించగానే ముందు పంపు కొట్టించి ఒక గుక్క నోట్లో పోసుకోండి. అదే మీ పరీక్ష.

కొబ్బరితోట నీడ బాగుందని చెట్టు మొదట్లో టెంట్ వేయకండి. మట్ట పడినా ప్రమాదమే, కాయ సంగతి చెప్పక్కర్లేదు. తోట వారగా, దింపు తీయించిన (కాయలు కోయించేసిన) చోట వేసుకోండి. తోటగలవారిని ముందే అడగాలి, అడిగితే కాదనరు, ఆయ్! ఆడవాళ్ళుంటే బాత్రూమ్ కూడా చూపిస్తారు.

భీష్మ ఏకాదశికి మాత్రం అంతర్వేది వైపు రావద్దు, తీర్థం జనంలో మీ బండి కదలదు. కార్తీకమాసం వనభోజనాలప్పుడు టెంట్లలో రాత్రి ఉండటం నాకు నచ్చదు. తుఫానుల కాలం. 1996 నవంబరు 6 రాత్రి చూసినవాళ్ళం మేము, తెల్లారేసరికి తోటలే లేవు. సంక్రాంతికైతే పర్వాలేదు.

అరకుప్రయాణి:
ఒక అనుభవం. ఫొటోల్లో 'బీచ్ క్యాంప్' అని చూపించారు, పేరు అనవసరం. తీరా చూస్తే రొయ్యల చెరువు గట్టు మీద టెంట్లు. రాత్రంతా ఏరియేటర్ల (చెరువు నీళ్ళు చిలికే యంత్రాల) మోతే, సముద్రం ఎక్కడ వినపడుతుంది! ఫోన్‌లో అడగాల్సిన మొదటి ప్రశ్న "చుట్టూ చెరువులున్నాయా?" అన్నది.

నీలిగొడుగు:
(పండగయ్యాక) వెళ్ళొచ్చాం. కారవాన్‌ను దిండిలో నది ఒడ్డున రిసార్టు ఆవరణలో పెట్టి, కరెంటు అక్కడే తీసుకున్నాం. టెంట్లు మాత్రం అంతర్వేది వైపు ఒక తోట వారగా. పోటు గీతకు పైన, పంపు నీళ్ళు తాగి చూశాకే. దిబ్బమీదిల్లు గారూ, తియ్యగానే ఉన్నాయి. ఇసుకలో మేకులు నిలవలేదు, సంచుల్లో ఇసుక నింపి, తాళ్ళు కట్టి పాతిపెట్టాం. అత్తయ్యగారు కారవాన్‌లో ఒక్క రాత్రే పడుకున్నారు. రెండో రాత్రి తోటగలవారి అరుగు మీద నులక మంచం దొరికింది, ఇక ఆవిడ లేవలేదు.

మంచు ఇంత కురుస్తుందని ఎవరూ చెప్పలేదు! తెల్లవారుజామున టెంట్ లోపలి వైపు నుంచి చినుకులు. పైన చిన్న కిటికీ తెరిచి ఉంచాలట, రెండో రోజు తెలిసింది.

వలవాడు:
సముద్రం వినపడిందా అమ్మా?

నీలిగొడుగు:
వినపడింది అన్నయ్యా. చిన్నది మాత్రం "దాన్ని ఆపేయండి, నిద్ర పట్టట్లేదు" అంది. టెంట్లు ఇంకా మా బాల్కనీలో ఆరుతున్నాయి, రోజూ గుప్పెడు ఇసుక రాలుతోంది.