ముద్రణలో లేని పుస్తకాన్ని పాఠకుడికి పీడీఎఫ్‌గా పంపవచ్చా?

శాఖా గ్రంథపాలకురాలు: మా ప్రభుత్వ శాఖా గ్రంథాలయంలో 1958లో అచ్చయిన ఒక స్థానిక చరిత్ర పుస్తకం ఒకే ప్రతి ఉంది. రచయిత 1979లో కాలం చేశారు. పుస్తకం ఎక్కడా అమ్మకంలో లేదు, కాగితం ముట్టుకుంటే పొడి రాలుతోంది కనుక స్కాన్ చేయించాము. ఇప్పుడు ఒక పరిశోధక విద్యార్థి మొత్తం పీడీఎఫ్‌ను తన ఫోనుకు పంపమని కోరుతున్నారు. పంపవచ్చునా?

విశ్రాంత గ్రంథపాలకుడు: నిరభ్యంతరంగా పంపండమ్మా. పుస్తక భాగాలను నకళ్లు తీసి విద్యార్థులకు ఇస్తోందని ఢిల్లీ విశ్వవిద్యాలయం జెరాక్స్ దుకాణంపై ప్రచురణకర్తలు వేసిన దావాను 2016లో హైకోర్టు కొట్టివేసింది కదా. దొరకని పుస్తకాన్ని చదివితే ఎవరి అమ్మకాలు పడిపోతాయి?

న్యాయవాది: అయ్యా, ఆ కేసు బోధనలో భాగంగా ఉపాధ్యాయుడో విద్యార్థో చేసుకునే నకళ్లకు సంబంధించినది, పైగా అదే ఏడాది డిసెంబరులో ద్విసభ్య ధర్మాసనం కొన్ని అంశాలపై విచారణ జరగాలంది. గ్రంథాలయాలకు 1957 కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 52లో వేరే నిబంధనలున్నాయి. వాణిజ్యేతర ప్రజా గ్రంథాలయం తన దగ్గరున్న అచ్చు ప్రతిని భద్రపరచడానికి డిజిటల్ రూపంలో నిల్వ చేసుకోవచ్చు, కనుక మీ స్కానింగుకు ఇబ్బంది లేదు. భారతదేశంలో అమ్మకానికి లేని పుస్తకానికి మూడు నకళ్ల వరకు తీయవచ్చు, కానీ అవి గ్రంథాలయ వినియోగానికే. రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి లెక్కిస్తే కాపీరైట్ ఉండే అరవై ఏళ్లు 2039 చివరికి గాని పూర్తికావు. ముద్రణ ఆగినంత మాత్రాన హక్కు ఆగదు.

విశ్రాంత గ్రంథపాలకుడు: కేసు విషయంలో పొరబడ్డాను, ఒప్పుకుంటాను. అయితే సొంత పరిశోధన కోసం చేసుకునే న్యాయమైన వినియోగాన్ని అదే సెక్షన్ అనుమతిస్తోంది, ఇన్ని పుటలకు మించకూడదని అందులో ఎక్కడా లేదు.

న్యాయవాది: పుటల లెక్క లేదన్నది నిజమే, అసలు చిక్కంతా అక్కడే. పరిశోధకుడు తనకు కావలసిన అధ్యాయాన్ని నకలు తీసుకుంటే నేను సమర్థిస్తాను. భద్రపరచడానికి చేసిన ఫైలును గ్రంథాలయమే పూర్తిగా ఫోనులోకి పంపితే, అది సాయంత్రానికి పది వాట్సాప్ గుంపుల్లో ఉంటుంది. అప్పుడు పరిశోధన కోసమే ఇచ్చామన్న మాట నిలబడడం కష్టం.

శాఖా గ్రంథపాలకురాలు: ఆ విద్యార్థికి మా కంప్యూటరులోనే చదువుకునే వీలు కల్పించి, అడిగిన రెండు అధ్యాయాలకు జెరాక్స్ ఇచ్చాము. మొత్తం ఫైలు ఇవ్వడానికి అనుమతి కోరుతూ రచయిత కుమార్తెకు ఉత్తరం రాశాము. ముందుమాట రాసినది వేరొకరని ఇప్పుడే గమనించాను, వారి వారసులనూ వెతకాలి.