తప్పించుక తిరుగువాడా, తప్పించక తిరుగువాడా?

పర్లాకిమిడి నుంచి:
న్యాయశాస్త్రం చదువుతున్న మా మనవరాలు, ద్వేష నేరాల చట్టాలకూ వాక్స్వాతంత్ర్యానికీ మధ్య ఉన్న పేచీ మీద తెలుగులో ఒక వ్యాసం రాసి నాకు చూపించింది. అందులో సుమతీ శతక పద్యాన్ని "అన్యుల మనముల్ నొప్పింపక తా నొవ్వక" అన్నంతవరకు ఎత్తి రాసి, నాలుగో పాదం నన్ను చెప్పమంది. "తప్పించుక తిరుగువాడు ధన్యుడు" అని చిన్ననాటి నుంచీ వల్లించినవాడినే అయినా, ఎందుకైనా మంచిదని మా నాన్నగారి నోటుపుస్తకం తీశాను. సరిగ్గా "చ" పక్కన పురుగు తొలిచిన కంత ఉంది. అక్కడ కొమ్ము ఉండేదో లేదో తెలియడం లేదు. కొమ్ము లేకపోతే అది "తప్పించక" అవుతుంది, అర్థం తలకిందులవుతుంది. అటువంటి పాఠాన్ని పెద్దలెవరైనా విన్నారా?

బరంపురం నుంచి:
మాస్టారూ, ఛందస్సు ఇక్కడ సాక్ష్యం చెప్పదు. కందంలో ఈ పాదానికి రెండో గణం "చుక తిరు". దాన్ని "చక తిరు" అని మార్చినా నాలుగూ లఘువులే. మూడో పాదంతో కలిపి లెక్కిస్తే ఆరో గణంగా రావలసిన జగణం (లఘువు, గురువు, లఘువు) "గువాడు" దగ్గర భద్రంగానే ఉంది, ప్రాస కూడా చెడదు. అయితే నేను చూసిన అచ్చు ప్రతులన్నింటిలోనూ "తప్పించుక" అనే ఉంది. ఈ పద్యంలో "క"తో ముగిసే క్రియలు మూడు ఉన్నాయి: నొప్పింపక, నొవ్వక అన్నవి వ్యతిరేక క్త్వార్థాలు, అంటే నొప్పించకుండా, నొవ్వకుండా అని; తప్పించుక మాత్రం "తప్పించుకొని"కి కుదించిన రూపం. వరుసగా రెండు వ్యతిరేకాలు విన్న చెవి మూడోదాన్నీ వ్యతిరేకంగానే వినడం సహజం. మీ నాన్నగారు కొమ్ము వదిలేసి ఉంటే కారణం అదే అయి ఉంటుంది.

రాయగడ నుంచి:
అన్నగారూ, చెవి పొరపాటు అని అంత తొందరగా కొట్టిపారేయకండి. పద్యం మొదలయ్యేదే మాట్లాడడంతో. ఎప్పటికి ఏది ప్రస్తుతమో అప్పటికి ఆ మాట ఆడాలి అని చెప్పిన కవి, చివరికి వచ్చేసరికి తప్పుకొని తిరగమంటాడా? ఆ ప్రస్తుతమైన మాటను తప్పించక, అంటే అనవలసినదాన్ని ఎగవేయకుండా, అయినా ఎవరినీ నొప్పించకుండా తిరిగేవాడు ధన్యుడు అని చదివితే పద్యం వాక్స్వాతంత్ర్యం పక్షాన నిలబడుతుంది. పాతికేళ్లు పిల్లలకు ఈ పద్యం చెప్పాను. నోరు మూసుకొని బతకమనే నీతిగా దాన్ని చెప్పవలసి వచ్చినప్పుడల్లా నాకు మనస్కరించేది కాదు.

బరంపురం నుంచి:
అమ్మా, మీ భావం గొప్పదే కానీ అన్వయం కుదరడం లేదు. "తప్పించక"కు కర్మ కావాలి, ఆ కర్మను రెండు పాదాలు వెనక్కి వెళ్లి తెచ్చుకోవలసి వస్తోంది. పైగా అక్కడ "ఆ మాటలాడి" అని క్రియ పూర్తయిపోయింది.

జయపురం నుంచి:
నేను కోర్టులో పనిచేసేవాడిని కనుక నాకు వేరే అక్షరం మీద పట్టుదల ఉంది. మీరంతా నాలుగో పాదం దగ్గర ఆగిపోయారు, అసలు పేచీ మూడో పాదంలో ఉంది. "నొప్పించు" ప్రేరణార్థకం, దానికి చేసేవాడు ఉండాలి. "నొవ్వు" అకర్మకం, ఎవరూ ఏమీ చేయకపోయినా నొవ్వవచ్చు. 1927లో శిక్షాస్మృతికి చేర్చిన 295-ఎ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 299గా అమలవుతున్నది, శిక్షించేది మొదటిదాన్ని మాత్రమే. ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో మతభావాలను రెచ్చగొట్టాలన్న షరతు అందులోనే ఉంది. 1957లో రాంజీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను నిలబెడుతూ, మతాన్ని అవమానించే ప్రతి మాటా నేరం కాదని, ఆ దురుద్దేశంతో చేసిన తీవ్రమైన అవమానమే నేరమని చెప్పింది. మన పత్రికలు మాత్రం "మనోభావాలు దెబ్బతిన్నాయి" అని రాస్తాయి. ఆ వాక్యంలో కర్త ఎక్కడ? నా దగ్గరికి ఒకాయన ఒడియాలో రాసుకొచ్చిన ఫిర్యాదు రెండు పేజీలు ఉంది. రెండు పేజీలనిండా ఆయన ఎంత నొచ్చుకున్నారో ఉంది కానీ, ఎదుటివాడు ఏ మాట అన్నాడో ఒక్క వాక్యంలోనూ లేదు.
ఆ ఒడియా కాగితంలోనే మరొక చిక్కు కనిపించింది. ద్వేష ప్రసంగాన్ని అక్కడ "ఘృణా భాషణ" అన్నారు. మన నిఘంటువుల్లో ఘృణ అంటే ఏవగింపుతోపాటు దయ కూడా, దయలేనివాణ్ణే నిర్ఘృణుడు అంటాం. సరిహద్దులో బతికేవాళ్లం ఈ మాటను జాగ్రత్తగా వాడుకోవాలి.

రాయగడ నుంచి:
వకీలుగారూ, నొప్పించు, నొవ్వు అని మీరు విడదీసిన తీరు బాగుంది. అయితే "తా నొవ్వక" అన్నదాన్ని వినేవాడికి చెప్పిన బుద్ధిగా, ఊరికే నొచ్చుకోవద్దనే హితవుగా మార్చకండి. జాషువా గబ్బిలం చదివినవారు ఆ మాట అనలేరు. 1941లో వెలువడిన ఆ కావ్యంలో అంటరానివాడని వెలివేసిన ఒక మనిషి తన గోడు శివుడికి చేర్చమని గబ్బిలాన్ని వేడుకుంటాడు, ఎందుకంటే గుడిలోకి వెళ్లగలిగేది అదే కానీ తాను కాదు. అతణ్ణి నొవ్వవద్దని ఏ నోటితో అంటాం? 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, నలుగురూ చూసే చోట కులం పేరుతో దూషించడాన్ని నేరం చేసింది ఆ నొప్పిని ఎరిగే. జాషువాను నేను మొదటిసారి చదివిన రాత్రి నిద్రపోలేదు, ఆయన పద్యం నడక...

బరంపురం నుంచి:
జాషువా మీద మీకున్న ప్రేమ నాకూ ఉంది, కానీ వేమన్నను కూడా తలుచుకోండి. "చిత్తశుద్ధి లేని శివపూజలేలరా" అన్నప్పుడు పూజారులెవరూ నొచ్చుకోలేదా? నొచ్చుకున్నవారి మాటే చెల్లితే ఆ పద్యం 1829లో బ్రౌను చేతుల మీదుగా అచ్చయ్యేదాకా బతికేది కాదు. అందుకే నాకు 2015 శ్రేయా సింఘాల్ తీర్పు నచ్చుతుంది. చర్చించడం, సమర్థించడం ఒక ఎత్తు, ఉసిగొల్పడం మరొక ఎత్తు అని గీత గీసి, చికాకు కలిగించే మాటను కూడా నేరం చేసిన ఐటీ చట్టం 66-ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు అందులో కొట్టేసింది.

జయపురం నుంచి:
ఆ గీత ఎక్కడ పడాలన్నదే మిగిలిన పేచీ అంతా. లా కమిషన్ 2017లో 267వ నివేదికలో ద్వేష ప్రసంగానికి కొత్త సెక్షన్లు సూచించినా, కొత్త సంహిత దానికి ప్రత్యేక నిర్వచనం ఇవ్వలేదు. అయిదుగురు, అంతకు మించిన గుంపు కులం, మతం వంటి కారణంతో చేసే హత్యను మాత్రం 103(2)లో వేరుగా గుర్తించింది. చేతితో చేసిన నేరానికి ద్వేషం కారణమైతే శిక్ష పెంచడంలో నాకు సందేహం లేదు. మాట ఒక్కటే ఉన్నప్పుడు, ఆ మాట ఎవరి మీదికి ఎవరిని ఉసిగొల్పిందో చూపించమంటాను.

పర్లాకిమిడి నుంచి:
అందరికీ నమస్కారం. ఇది గిడుగువారు బోధించిన ఊరు కనుక, జనం నోట ఈ మాట ఎలా ఉందో కూడా చూడాలనిపించింది. మా బజారులో "తప్పించుకు తిరుగుతున్నాడు" అంటే అప్పులవాడికి కనబడకుండా పాతపట్నం వైపు దాటిపోయినవాడు. ధన్యుడని ఎవరూ అనరు. మా మనవరాలు దాన్నే పట్టుకొని, నొప్పించి తప్పించుకు తిరిగేవాణ్ణి గురించి కదా తాతయ్యా చట్టం అంది. నోటుపుస్తకం పేజీని కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాను. కంత అంచున సిరా గీత ఒకటి పైకి వంగి ఉంది. అది కొమ్ము మొదలా, పై పాదంలోని "ప్ప" వత్తు తోకా అన్నది నా కళ్లకు అందడం లేదు. ఆ పేజీ ఫోటో తీయించి రేపు పెడతాను, బరంపురం వారు పెద్దది చేసి చూసి చెప్పగలరు.

రాయగడ నుంచి:
వత్తు తోక అంత దూరం రాదు మాస్టారూ. అయినా ఫోటో పెట్టండి.