లిఫ్టు దగ్గర ఆగిపోయే స్త్రీవాదం

నైట్‌షిఫ్ట్:
నిన్న మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెద్ద గొడవ. పనివాళ్లు మన లిఫ్టు వాడుతున్నారని ఒకావిడ ఫిర్యాదు. మార్చి 8న కింద హాల్లో సమానత్వం గురించి మైకు పట్టుకుని మాట్లాడింది ఆవిడే. ఆ సమానత్వం మాటే నేను గుర్తుచేస్తే, "ఇది మెయింటెనెన్స్ విషయం, ఇందులోకి ఫెమినిజం ఎందుకు?" అన్నారు. అందుకే ఇక్కడ అడుగుతున్నా. ఆడవాళ్లందరికీ సమాన హక్కులు ఉండాలనకపోతే అది స్త్రీవాదం అవుతుందా? నాకైతే కాదనే అనిపిస్తోంది.

గట్టుమీద:
లిఫ్టు విషయంలో ఆవిడది తప్పే. కానీ ఒకే ఉద్యమం నెత్తిన అన్ని బరువులూ పెడితే అది నడవలేదండీ. జీతాలకు యూనియన్లున్నాయి, కులం మీద వేరే పోరాటాలున్నాయి. ముందు కొందరు మెట్టెక్కితే మిగతావాళ్లకు చెయ్యందిస్తారు. 2017లో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలైంది. అందరికీ రాలేదని వద్దంటామా?

నైట్‌షిఫ్ట్:
వద్దని ఎవరంటారు? ఆ 26 వారాలు నేనూ తీసుకున్నా. పదిమంది కన్నా తక్కువ పనిచేసే దుకాణాలకే అది వర్తించదు, ఇక ఇళ్లలో పనిచేసేవాళ్ల మాట చెప్పేదేముంది! సెలవయ్యాక మా పాపను చూసుకోవడానికి ఒకామె వచ్చేది. తన రెండు నెలల పిల్లాణ్ణి అత్త దగ్గర వదిలి వచ్చేది. మధ్యాహ్నానికి రవిక ముందుభాగం పాలతో తడిసిపోతే పవిట లాక్కుని కప్పుకునేది. సరిగ్గా ఆ వారమే నేను మా ఆఫీసులో ఫీడింగ్ రూమ్ లేదని హెచ్ఆర్‌కి ఘాటుగా మెయిల్ పెట్టాను. ఆమెను మధ్యలో ఇంటికి వెళ్లి రమ్మనాలని తట్టడానికి నాకు నెల పట్టింది. మెట్టెక్కినవాళ్లు చెయ్యందిస్తారన్నారు కదా, నేను ఎక్కిన మెట్టు సంగతి ఇదీ.

పాతబావి:
అసలు ఎవరు ఎవరికి చెయ్యందించారో కూడా చూడాలి. ఇవాళ ఆఫీసుల్లో వేధింపుల మీద ఫిర్యాదు చేయడానికి కమిటీ ఉందంటే, దాని మూలం రాజస్థాన్‌లోని భటేరీ అనే పల్లె. భన్వరీ దేవిది కుమ్మరి కులం, ప్రభుత్వ పథకంలో చిన్న కార్యకర్త. బాల్యవివాహం ఆపడానికి ప్రయత్నించినందుకు 1992లో ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. 1995లో కింది కోర్టు నిందితులను అత్యాచారం నేరం నుంచి విడిచిపెట్టింది. మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్లాక 1997లో పనిచోట వేధింపులను ఆపడానికి కోర్టు ఇచ్చిన విశాఖ మార్గదర్శకాలు (విశాఖ అంటే ఊరు కాదు, కేసు వేసిన సంఘం పేరు), 2013లో చట్టం వచ్చాయి. తమాషా ఏమిటంటే, ఆ చట్టం కోసం 2010లో పెట్టిన బిల్లులో ఇంటిపనివాళ్లను వదిలేశారు! అదేమిటని నిలదీశాకే చేర్చారు.

గట్టుమీద:
బిల్లు సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటా. అయినా నా అనుమానం పోలేదు. మహిళా రిజర్వేషన్ బిల్లు 1996లో మొదట పెట్టారు. బీసీ కోటా గొడవల మధ్య నలిగి నలిగి 2023లో చట్టమైంది, అదీ బీసీ కోటా లేకుండానే. అందరికీ కావాలని కూర్చుంటే ఎవరికీ రాదేమోనన్నదే నా భయం.

పాతబావి:
27 ఏళ్లు నాన్చినవాళ్లను వదిలేసి, వాటా అడిగినవాళ్ల మీద పడతారేమండీ? బీసీ ఆడవాళ్లు అడిగింది బిల్లు ఆపమని కాదు, తమనూ లెక్కలో వెయ్యమని.

గట్టుమీద:
సరే, ఆ మాట కాదనను. కానీ ఓట్ల లెక్క దగ్గరికొస్తే మీరూ నాలాగే తల పట్టుకుంటారు.

నైట్‌షిఫ్ట్:
లిఫ్టు సంగతి అడిగారు కొందరు. ఇవాళ పొద్దున మా పనామె, నేను కలిసే దిగాం. ఆమె చీపురు వెనక్కి పెట్టుకుని మూలకు ఒదిగి నిలబడింది. నాలుగో అంతస్తులో తలుపు తెరుచుకుంటే ఎదురుగా ఆవిడే. నన్ను చూసి నవ్వింది, ఆమెను చూసి ఆగిపోయింది. "మీరు వెళ్లండి, నెక్స్ట్ దాంట్లో వస్తా" అంది.