డూప్లికాటి బ్యాకప్ నుంచి ఫైళ్లు వెనక్కి తెచ్చుకోవడం: ఎక్కడ మొదలుపెట్టాలి?

చిత్తుప్రతి:

నమస్కారం. అనువాదాలు చేయడం, పుస్తకాల ప్రూఫులు దిద్దడం నా పని. ఉన్నట్టుండి ల్యాప్‌టాప్‌లోని డిస్కు పోయింది. యంత్రం ఆన్ అవుతుంది కానీ డిస్కే లేదంటుంది. బ్యాకప్ ఉందన్న ధైర్యంతో పెద్దగా కంగారు పడలేదు. రోజూ రాత్రి నా ఫైళ్లు బయటి హార్డ్‌డిస్కులోకి వెళ్లేలా డూప్లికాటి అనే బ్యాకప్ ప్రోగ్రాములో పెట్టుకున్నాను. పాస్‌వర్డు నోటుపుస్తకంలో రాసి ఉంది.

తీరా కొత్త ల్యాప్‌టాప్‌కు ఆ హార్డ్‌డిస్కు తగిలించి చూస్తే అందులో నా ఫైలు ఒక్కటీ లేదు. ఫోల్డరు నిండా ‘డూప్లికాటి-బీ’ అని మొదలై, వెనక అర్థం కాని అక్షరాలూ అంకెలూ ఉన్న పేర్లే. చాలావాటి సైజు 50 ఎంబీ దగ్గర ఉంది. చివర ‘జిప్’, దాని వెనక ‘ఏఈఎస్’. రెండుసార్లు నొక్కితే దేనితో తెరవాలని విండోస్ నన్నే అడుగుతుంది.

దీనికి తోడు ఇంకో చిక్కు. డిస్కు పోవడానికి ముందే ఒక పుస్తకం మూడవ అధ్యాయం ఫైలు తెరుచుకోవడం మానేసింది. ‘ఫైలు పాడైంది’ అని వర్డ్ చెబుతూ వచ్చింది. సైజు మాత్రం మామూలుగానే కనిపించేది. ఆ తరువాత కూడా రాత్రి బ్యాకప్‌లు నడిచాయి. అంటే చివరి బ్యాకప్‌లో ఉన్నది ఆ పాడైన ఫైలే అయి ఉంటుంది. అంతకు ముందుది దొరుకుతుందా? దొరికితే ఏ తేదీది తీసుకోవాలో ఎలా తెలుస్తుంది?

పాత ల్యాప్‌టాప్‌లోని డూప్లికాటి సెట్టింగులు ఎక్కడా దాచలేదు. ఉన్నవల్లా హార్డ్‌డిస్కు, పాస్‌వర్డు.

రాత్రిపాళీ:

ఆ రెండూ ఉంటే చాలు. పాస్‌వర్డు పోయి ఉంటే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు. ఏఈఎస్-256 అనే గుప్తీకరణ పద్ధతితో తాళం వేసినదానికి దొడ్డిదారి ఉండదు.

సర్వర్ల బ్యాకప్‌లు చూసుకోవడమే నా ఉద్యోగం కాబట్టి కాస్త విడమరచి చెబుతాను. మీ ఫైళ్లన్నీ ఆ ఫోల్డరులోనే ఉన్నాయి, అయితే ఫైళ్ల రూపంలో లేవు. డూప్లికాటి ప్రతి ఫైలునూ చిన్న ముక్కలు చేసి, అంతకు ముందే దాచిన ముక్కలను వదిలేసి, కొత్తవాటిని మాత్రమే మూటగట్టి తాళం వేస్తుంది. ఆ మూటలే మీరు చూసిన 50 ఎంబీ డీబ్లాక్ ఫైళ్లు. ఏ ముక్క ఏ మూటలో ఉందో చెప్పేవి డీఇండెక్స్ ఫైళ్లు, ‘ఐ’ అక్షరంతో ఉంటాయి. మీకు అసలు కావలసినవి మూడో రకం, డీలిస్ట్ ఫైళ్లు. పేరులోనే తేదీ, సమయం ఉంటాయి. ఒక్కో డీలిస్ట్ ఒక్కో బ్యాకప్‌కు జాబితా. అవి ఎన్ని ఉంటే అన్ని పాత తేదీలకు మీరు వెళ్లగలరు.

ముందు చేయకూడని పని చెబుతాను. ఆ ఫోల్డరులో దేన్నీ చెరపకండి, పేర్లు మార్చకండి, ‘సర్దుదాం’ అనుకుని వేరే ఫోల్డర్లలోకి జరపకండి. ఇంకో డిస్కులో చోటుంటే ఫోల్డరు మొత్తాన్ని అక్కడికి కాపీ చేసి, ఆ కాపీ మీదే పని చేయండి. ఒక డిస్కు ఇప్పటికే పోయింది. మిగిలిన ఒక్క డిస్కు మీదే గంటలకొద్దీ చదివే పని పెట్టడం నాకు నచ్చదు.

ఇక పద్ధతి. కొత్త ల్యాప్‌టాప్‌లో డూప్లికాటి వేసుకోండి. బ్యాకప్ పని ఏదీ సృష్టించకుండా నేరుగా ‘రీస్టోర్’ మెనూలోకి వెళ్లి, బ్యాకప్ ఫైళ్ల నుంచి నేరుగా రీస్టోర్ చేసే మార్గం ఎంచుకోండి. ఫోల్డరు చూపించండి, పాస్‌వర్డు ఇవ్వండి. పాత యంత్రంలో ఉండిన డేటాబేసు (డూప్లికాటి సొంత లెక్కల పుస్తకం) ఇప్పుడు లేదు కాబట్టి, అది జాబితాలు చదివి తాత్కాలికంగా ఒకటి కట్టుకుంటుంది. దీనికి సమయం పడుతుంది, బార్ కదలడం లేదని మధ్యలో ఆపేయకండి. తరువాత తేదీల జాబితా కనిపిస్తుంది. అందులో 0 అంకె ఉన్నది అన్నిటికన్నా కొత్తది. అంకె పెరిగేకొద్దీ వెనక్కి వెళ్తున్నారని అర్థం. చాలామంది దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు.

ఎక్కడికి తేవాలని అడిగినప్పుడు ‘అసలు చోటు’ వద్దు. ఖాళీగా ఉన్న కొత్త ఫోల్డరు చూపించండి. చదవడం, రాయడం అనుమతులను కూడా పునరుద్ధరించాలా అని ఒక గడి ఉంటుంది. యంత్రం మారింది కాబట్టి దాన్ని టిక్ చేయకండి. చేస్తే పాత ల్యాప్‌టాప్‌లోని యూజరు పేరిట ఫైళ్లు వచ్చి, మీ ఫైళ్లే మీకు తెరవడానికి అనుమతి లేదని విండోస్ మొండికేసే ప్రమాదం ఉంది.

మూడవ అధ్యాయం సంగతి. సైజు మామూలుగా ఉండి ఫైలు తెరుచుకోకపోతే, లోపల అంతా సున్నాలు నిండి ఉండవచ్చన్నది నా అనుమానం. ఫైలు సేవ్ అవుతున్న క్షణంలో కరెంటు పోయినా, యంత్రం బిగుసుకుపోయినా అలా జరుగుతుంది. పేరు, సైజు నమోదవుతాయి, లోపలి సరుకు డిస్కుకు చేరదు. తెలుసుకోవడం తేలిక. ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. డాక్స్ ఫైలు, అంటే ఇప్పటి వర్డ్ ఫైలు, నిజానికి ఒక జిప్ ఫైలు, కాబట్టి మొట్టమొదట ‘పీ’, ‘కే’ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు కనబడాలి. (జిప్‌ను రూపొందించిన ఫిల్ కట్జ్ పొడి అక్షరాలివి. ఆయన వేసిన ముద్ర ఇప్పటికీ డాక్స్ ఫైళ్లలో ఉంది.) వాటి వెనక పిచ్చిరాత ఉంటే కంగారు పడకండి, అది మామూలే. ‘పీకే’ లేకుండా అంతా ఖాళీగా ఉంటే మాత్రం ఆ ప్రతిని వదిలేసి ఇంకా పాత తేదీకి వెళ్లండి. సైజు చూసి మాత్రం నిర్ణయించకండి.

ఇంకో మాట. డీలిస్ట్ పేరులో సమయం చివర ‘జడ్’ అక్షరం ఉంటుంది. అది యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం, మీ గోడ గడియారం సమయం కాదు. ఏ రాత్రిదో లెక్క వేసేటప్పుడు తేదీ ఒకరోజు అటూఇటూ కావచ్చు.

నీలిసిరా:

రాత్రిపాళీ గారు చెప్పినదానితో ఒక్కచోట నాకు పేచీ ఉంది. నేరుగా రీస్టోర్ చేసే మార్గంలో వెళ్తే, ఇంకోసారి మొదలుపెట్టినప్పుడు ఆ తాత్కాలిక డేటాబేసు మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి. చిత్తుప్రతి గారికి కావలసినది ఒక తేదీ కాదు. అన్ని ఫైళ్లూ చివరి తేదీవి కావాలి, మూడవ అధ్యాయం మాత్రం ఎన్ని తేదీలు తిరగాలో తెలియదు. ఇటువంటప్పుడు అదే ఫోల్డరు, అదే పాస్‌వర్డు ఇచ్చి కొత్త బ్యాకప్ పని ఒకటి సృష్టించి, డేటాబేసు పేజీలో ‘రిపేర్’ నొక్కితే ఒక్కసారి కట్టుకుని ఊరుకుంటుంది. తరువాత ఏ తేదీకి వెళ్లినా చకచకా తెరుచుకుంటుంది.

నేను వాడేది రెస్టిక్ అనే ఇంకో బ్యాకప్ ప్రోగ్రాము. అందులో అయితే బ్యాకప్‌ను మౌంట్ చేసి, అంటే మామూలు డిస్కులా తగిలించి, ఒక్కో తేదీ ఒక్కో ఫోల్డరులా తెరిచి చూసుకోవచ్చు. విండోస్‌లో మాత్రం ఆ సదుపాయం లేదు. కాబట్టి నా గొప్ప ఇక్కడ పనికిరాదు.

రాత్రిపాళీ:

నీలిసిరా గారూ, సమయం ఆదా అవుతుందన్నది నిజమే. నా భయం వేరు. కొత్త పని సృష్టిస్తే దానికి షెడ్యూలు ఉంటుంది. ఆ రాత్రి అది తనంతట తాను నడుస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్లు ఇంకా ఖాళీ. అంటే ఏమీ లేని బ్యాకప్ ఒకటి తాజా తేదీతో చేరుతుంది. పైగా ‘ఇన్ని ప్రతులు మాత్రమే ఉంచు’ అని ఉంటే, ఖాళీ ప్రతి ఒకటి చేరినప్పుడల్లా అసలు ప్రతి ఒకటి వెనక నుంచి రాలిపోతుంది. పాత ప్రతులను తానే పలచన చేసే స్మార్ట్ పద్ధతి పెట్టుకున్నా అంతే. అది గత 7 రోజులకు రోజుకొకటి, 4 వారాలకు వారానికొకటి, 12 నెలలకు నెలకొకటి మాత్రమే ఉంచుతుంది. అధ్యాయం పాడు కావడానికి ముందురోజు ప్రతి అందులో నిలవకపోవచ్చు.

అందుకే మీ పద్ధతిలో వెళ్లేవారు షెడ్యూలు గడిని ఖాళీ చేయాలి. ‘అన్ని ప్రతులనూ ఉంచు’ అన్నది ఎంచుకోవాలి. ‘ఇప్పుడే నడుపు’ మీటను నొక్కకూడదు. ఇవన్నీ గుర్తుంచుకోగలిగితే మీ దారే మేలు.

చిత్తుప్రతి:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఫోల్డరు మొత్తం వేరే డిస్కుకు కాపీ చేసుకుని, నీలిసిరా గారి దారిలో, రాత్రిపాళీ గారి షరతులతో వెళ్లాను. డేటాబేసు కట్టుకోవడానికి రాత్రంతా పట్టింది. తెల్లారేసరికి తేదీలు వరుసగా కనిపించాయి!

మూడవ అధ్యాయం సంగతి మీరు చెప్పినట్టే ఉంది. 0 నంబరు ప్రతిని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే తెల్లకాగితమే. వెనక్కి వెళ్తూ ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతే ఒకచోట ‘పీకే’ కనబడింది. దాన్ని వర్డ్‌లో తెరిచాను. పాదసూచికలతో సహా ఉంది. ఆ తరువాత చేసిన సవరణలు కొన్ని లేవు. అవి ప్రూఫు కాగితాల మీద ఎర్రసిరాతో ఉన్నాయి, మళ్లీ ఎక్కిస్తాను.

రెండు సందేహాలు మిగిలాయి. కొత్త ల్యాప్‌టాప్‌లో చోటు తక్కువని, మిగతా ఫైళ్లను ఇంట్లోని నెట్‌వర్క్ నిల్వపెట్టెలోకి రీస్టోర్ చేశాను. అది లోపల లినక్స్‌తో నడుస్తుంది. అన్నీ వచ్చాయి గానీ, కొన్ని ఫైళ్ల దగ్గర మాత్రం ‘పేరు మరీ పొడవు’ అని లోపం చూపించింది. అవే పేర్లు పాత ల్యాప్‌టాప్‌లో ఏళ్ల తరబడి ఉన్నాయి. పైగా నా కంటికి అంత పొడవేమీ కావు. ఉదాహరణకు ఒకటి:

‘మూడవ అధ్యాయం సంపాదకుల సూచనల తరువాత సరిచూసిన చివరి ప్రతి కొత్త పాదసూచికలతో సహా అచ్చుకు పంపవలసినది’

రెండోది, ప్రతి ఫోల్డరులోనూ అలగీత, డాలరు గుర్తుతో మొదలయ్యే ఫైళ్లు కొన్ని వచ్చాయి. ఒక్కోటి ఒక కిలోబైటు కూడా లేదు, తెరుచుకోవు. ఇవీ పాడైనవేనా?

రాత్రిపాళీ:

రెండోది ముందు. ఆ డాలరు ఫైళ్లను నిశ్చింతగా చెరపండి. వర్డ్‌లో ఏదైనా ఫైలు తెరిచి ఉన్నంతసేపు, ‘దీన్ని ఫలానా వ్యక్తి వాడుతున్నారు’ అని గుర్తుగా అది పక్కన పెట్టుకునే చీటీలవి. మామూలుగా దాగి ఉంటాయి, ఫైలు మూసేయగానే మాయమవుతాయి. రాత్రి మీరు వర్డ్ మూయకుండా నిద్రపోయిన రోజుల్లో అవి కూడా బ్యాకప్‌లోకి ఎక్కాయి.

పేరు సంగతి నాకు భలే నచ్చింది. తెలుగులో పేర్లు పెట్టుకునేవారికే ఎదురయ్యే చిక్కు ఇది. విండోస్ డిస్కులో ఫైళ్లను అమర్చడానికి వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఒక పేరు 255 యూనికోడ్ గుర్తుల దాకా ఉండవచ్చు. లినక్స్‌లోని ఎక్స్‌ట్-4 వంటి పద్ధతుల్లోనూ హద్దు 255 అంటారు గానీ, అవి గుర్తులు కావు, బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగు గుర్తు ప్రతిదానికీ, అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో, మూడు బైట్లు కావాలి. మనం ‘ప్రతి’ని రెండక్షరాలు అనుకుంటాం. యంత్రానికి అది ప, పొల్లు, ర, త, గుడి కలిసి అయిదు గుర్తులు. అంటే 15 బైట్లు.

మీ పేరును కూర్చుని లెక్కపెట్టాను. తెలుగు గుర్తులు 84, అంటే 252 బైట్లు. మధ్యలో ఖాళీలు 12. చివరి చుక్క, డాక్స్ కలిసి 5. మొత్తం 269 బైట్లు. విండోస్ లెక్కలో అదే పేరు 101 గుర్తులు మాత్రమే, కాబట్టి అక్కడ ఏ పేచీ లేకుండా ఇమిడిపోయింది. నిల్వపెట్టె దగ్గరకు వచ్చేసరికి 14 బైట్లు ఎక్కువై తలుపు మూసేసింది. నిల్వపెట్టెలో ఆ ఫోల్డరుకు ఎన్‌క్రిప్షన్ పెట్టి ఉంటే హద్దు ఇంకా తగ్గిపోవచ్చు, అది కూడా చూసుకోండి.

కాబట్టి లోపం చూపించిన ఫైళ్లను మాత్రం ఎంచుకుని, విండోస్ డిస్కు మీదికి రీస్టోర్ చేయండి. అక్కడ పేర్లు కుదించి తరువాత నిల్వపెట్టెలోకి మార్చండి. తేదీ గుర్తు పేరుకు చేర్చి ఉంచే మార్గం ఎంచుకుంటే పేరు ఇంకా పెరుగుతుంది, దాన్ని వదిలేయండి.

నీలిసిరా:

నా ఫైళ్ల పేర్లు ఇప్పుడే ఒకసారి తిరగేసి వచ్చాను. ‘చివరి ప్రతి’ అన్న మాట నా దగ్గర కూడా లెక్కలేనన్ని చోట్ల ఉంది.

రీస్టోర్ అంతా అయ్యాక డూప్లికాటి రాసుకున్న రికార్డులో హెచ్చరికలు ఏమైనా ఉన్నాయేమో చదవండి. ఏ మూట అయినా చదవలేకపోతే దాని ముక్కలు ఉన్న ఫైళ్లన్నీ దెబ్బతింటాయి. అవి ఒకే ఫోల్డరులో ఉండాలని లేదు. అందుకని అక్కడక్కడా నాలుగు ఫైళ్లు తెరిచి చూసి సరిపెట్టుకోవద్దు, రికార్డులో ఉన్న పేర్లను పట్టుకుని వెళ్లండి.

చిత్తుప్రతి:

చూశాను. పేర్ల లోపాలు తప్ప వేరే హెచ్చరికలు లేవు. ఆ ఫైళ్లు కూడా ల్యాప్‌టాప్‌లోకి వచ్చేశాయి, ఇప్పుడు పేర్లు కుదిస్తున్నాను. ‘అధ్యాయం 3’ అని పెట్టి, మిగతా కథంతా ఫైలు లోపల మొదటి పేజీలో రాసుకుంటున్నాను.

ఇక రోజువారీ బ్యాకప్ మళ్లీ మొదలుపెట్టాలి. ఇప్పుడు సృష్టించిన పనికే షెడ్యూలు పెట్టి కొనసాగించవచ్చా?

రాత్రిపాళీ:

సాంకేతికంగా కొనసాగించవచ్చు, నేనైతే అలా చేయను. పాత ఫోల్డరును అలాగే ఉంచి, కొత్త ల్యాప్‌టాప్‌కు కొత్త ఫోల్డరులో కొత్త పని మొదలుపెట్టండి. పేర్లు మార్చారు, ఫోల్డర్లు మార్చారు. మూడవ అధ్యాయం పాత ప్రతుల్లో ఇంకేదైనా వెతకవలసి వస్తే ఈ రెండూ కలిసిపోయి ఉండకూడదు. పుస్తకం అచ్చయి చేతికి వచ్చాక పాతది చెరపండి. కొత్త పని సెట్టింగులను ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫైలును ల్యాప్‌టాప్‌లో కాకుండా వేరే చోట పెట్టుకోండి. అందులో పాస్‌వర్డు కూడా చేరుతుందా లేదా అన్న గడి ఒకటి ఉంటుంది. చేర్చితే ఆ ఫైలుకు కూడా తాళం వేయండి.